రంగమ్మ, అచ్చమ్మ, తులశమ్మ

విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే దారిలో కీసర దగ్గర మునేరు దాటితే నందిగామ. ఇంకా ముందుకు పోతే జగ్గయ్యపేట, ఆ తర్వాత తెలంగాణ సరిహద్దు. డెల్టా ఊళ్లలా ఎటు చూసినా వరిచేలు కనిపించవు. ఇది మెట్ట సీమ, మిరపకూ పత్తికీ పేరు. జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. పద్దెనిమిదో శతాబ్ది చివర ఈ ప్రాంతానికి జమీందారుగా ఉన్న వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఆ ఊరిని తండ్రి జగ్గయ్య పేరిట పేటగా కట్టించాడు. కృష్ణకు అవతల గుంటూరు వైపున్న అచ్చంపేట ఆయన తల్లి అచ్చమ్మ పేరిట వెలిసిందని చెబుతారు. చింతపల్లి నుంచి తన కాపురాన్ని అమరావతికి మార్చినవాడూ ఆయనే. ఆ కొత్త ఊరికి ఇటుకల కోసం దిబ్బ తవ్విస్తే బౌద్ధస్తూపం బయటపడింది. 1797లో కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూసింది దాన్నే.

వెంకటాద్రి నాయుడి గుళ్లూ గోపురాలూ దానధర్మాల గురించి ఈ చుట్టుపక్కల ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఆ ఇంట్లో పుట్టిన ఆస్తి తగాదాను మాత్రం మరిచిపోయారు. హిందూ దత్తత చట్టంలో ఒక మూలసూత్రం ఖాయమైంది ఆ తగాదాలోనే. ఆ కేసు పేరును వకీళ్లు చాలాకాలం వల్లె వేశారు. అది ఆ తర్వాతి తరానికి చెందిన ఇద్దరు తెలుగు ఆడవాళ్ల పేరు: ‘రంగమ్మ వర్సెస్ అచ్చమ్మ’.

వెంకటాద్రి నాయుడికి కొడుకులు పుట్టలేదు. మొదట జగన్నాథబాబును దత్తత తీసుకున్నాడు. కొన్నేళ్ల తర్వాత, ఆ పిల్లవాడు నిక్షేపంగా ఉండగానే రామనాథబాబును కూడా దత్తత చేసుకున్నాడు. ఇద్దరూ నా కొడుకులే, ఇద్దరికీ ఆస్తి ఉంటుంది అన్నది పెద్దాయన మాట. ఆ మాట చిన్నది కాదు. కొండపల్లి సర్కారులోని నందిగామ పరగణా మొదలుకొని కృష్ణ ఆవలి ఒడ్డున గుంటూరు సీమ వరకు వందల గ్రామాల మీద హక్కు అది. 1816లో ఆయన కన్నుమూశాడు. కన్నుమూసేదాకా ఆ మాటను కాదన్నవాళ్లు లేరు. ఆ తర్వాత దాయాదుల మధ్య మొదలైన వ్యాజ్యం ఒక తరాన్ని మింగేసింది.

కంపెనీ కోర్టులు ఆ రోజుల్లో హిందువుల వారసత్వ విషయాల్లో ధర్మశాస్త్రం తెలిసిన పండితులను అడిగి తీర్పు చెప్పేవి. ఇక్కడ చెల్లేది మితాక్షర. విజ్ఞానేశ్వరుడు సంస్కృతంలో రాసిన ఆ వ్యాఖ్యను పదమూడో శతాబ్దంలోనే కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు చేశాడు. ఆస్తి పంపకం గురించీ దత్తత గురించీ తెలుగువాళ్లు తమ భాషలో చదువుకున్న చరిత్ర అంత పాతది. అయినా ఈ వ్యాజ్యానికి ఆఖరి మాట చెప్పింది లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్. తెలుగు కాగితాలన్నీ ఇంగ్లీషులోకి మారి ఓడలెక్కి వెళ్లాయి. విచారణ అక్కడికి చేరేసరికి కేసు మీద మిగిలినవి ఆడవాళ్ల పేర్లు.

1840లలో వచ్చిన ఆ తీర్పు సారం ఇది. దత్తత తీసుకునేది వంశం నిలవడానికీ పిండప్రదానానికీ. ఒక కొడుకు బతికి ఉండగా ఇంకో కొడుకు అవసరం శాస్త్రానికి లేదు, కాబట్టి రెండో దత్తత చెల్లదు. ఈ సూత్రం తర్వాత వందేళ్లకు పైగా కోర్టుల్లో నిలిచి, 1956 దత్తత చట్టంలో ఒక షరతుగా కూడా చేరింది. కొడుకు గానీ కొడుకు వైపు మనుమడు గానీ ఉన్న హిందువు మరో మగపిల్లవాణ్ని దత్తత తీసుకోలేడు.

తీర్పు శాస్త్రప్రకారం సరైనదే కావచ్చు. నాకు మాత్రం అందులో కనపడేది ఒక పెద్ద మనిషి ఇంట్లోవాళ్లకు ఇచ్చిన మాట. దేశమంతా తన మాటకు తిరుగులేని మనిషి, తన ఇంట్లో ఇచ్చిన మాటను తన తదనంతరం నిలబెట్టలేకపోయాడు. ఆ మాట మీద ఆధారపడి పెరిగిన పిల్లవాడు, ఆ కొడుకుల చేయి పట్టుకుని ఆ ఇంటికి కోడళ్లుగా వచ్చిన ఆడవాళ్లు ఏమైనట్టు? వ్యాజ్యం సాగుతుండగానే ప్రభుత్వానికి కట్టాల్సిన పేష్కషు బాకీలు పేరుకున్నాయి. 1832, 33ల్లో గుంటూరు కరువు విరుచుకుపడింది. కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ విచారణ జరిపి నివేదిక ఇచ్చిన 1840లలోనే గుంటూరు సీమ జమీందారీలు బాకీల కింద ప్రభుత్వపరమయ్యాయి. అమరావతి శిల్పాలను తవ్వించి మద్రాసు పంపిందీ ఆ ఇలియట్ దొరే. అవీ తర్వాత లండన్ చేరాయి.

ఆ తరంలో కుటుంబంలోని మాట అంటే తండ్రి కొడుకుకు ఇచ్చే మాట. ఆడవాళ్లకు ఇచ్చిన మాట, ఆడవాళ్లు ఇచ్చిన మాట కోర్టు మెట్లెక్కినప్పుడు ఏమైందో చూడాలంటే 1881కి రావాలి. లా కాలేజీలో మొదటి ఏడాది చదివే ప్రతి విద్యార్థికీ తెలిసిన కేసు అది: వెంకట చిన్నయ్యరావు గారు, వెంకటరామయ్య గారు. పేర్లను బట్టే అది తెలుగింటి సంగతని తెలుస్తుంది.

ఒక తల్లి తన భూమిని కూతురికి దానపత్రం రాసి ఇచ్చింది. తన అన్నదమ్ములకు ఏటా 653 రూపాయలు ఇస్తూ ఉండమని అందులోనే షరతు పెట్టింది. కూతురు ఆ రోజే మేనమామలకు ఒప్పందం రాసి ఇచ్చింది. తర్వాత డబ్బు ఇవ్వడం మానేసింది. కోర్టులో ఆమె తరఫు వాదన సూటిగా ఉంది. ఒప్పందం చెల్లాలంటే ప్రతిఫలం ఉండాలి. మేనమామలు నాకు ఏమిచ్చారు? భూమి ఇచ్చింది మా అమ్మ. వాళ్లు ఏమీ ఇవ్వనప్పుడు నా మాటకు బలం ఎక్కడిది?

మద్రాసు హైకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం ప్రతిఫలం మాట తీసుకున్నవాడే ఇవ్వనక్కరలేదు, ఇంకెవరు ఇచ్చినా చాలు. తల్లి రాసిన దానపత్రం, కూతురు రాసిన ఒప్పందం రెండూ కలిసి ఒకే లావాదేవీ. తల్లి ఇచ్చిన భూమే ఆ మాటకు ప్రతిఫలం. కాబట్టి డబ్బు కట్టాల్సిందే అంది. తోడబుట్టినవాళ్ల పట్ల ఒక ఆడమనిషికి ఉన్న బాధ్యతను ఆమె కూతురి మీద నిలబెట్టిన తీర్పు ఇది. నా దృష్టిలో మన కుటుంబాల స్వభావాన్ని సరిగ్గా పట్టుకున్న తొలి తీర్పుల్లో ఇదొకటి.

అప్పటి ఇంగ్లండులో ఈ న్యాయం దొరికేది కాదు. 1861లో అక్కడ ఒక పెళ్లి సందర్భంగా వియ్యంకులిద్దరూ తలా ఇంత కొత్త అల్లుడికి ఇస్తామని రాసుకున్నారు. పెళ్లికూతురి తండ్రి 200 పౌండ్లు, పెళ్లికొడుకు తండ్రి 100 పౌండ్లు. పెళ్లికూతురి తండ్రి ఆ డబ్బు ఇవ్వకుండానే చనిపోయాడు. అల్లుడు దావా వేస్తే, ఒప్పందం వియ్యంకుల మధ్య జరిగింది, నువ్వు అందులో లేవు అని కోర్టు తోసిపుచ్చింది. పెళ్లిపందిట్లో వియ్యంకుల మధ్య మాట అయిపోవడమే అసలు సంగతి అనుకునే మనకు ఇది వింతగానే ఉంటుంది. 1910లో ప్రీవీ కౌన్సిల్‌కే అలాంటి కేసు మన దేశం నుంచి వెళ్లింది. కోడలికి నెలకు 500 రూపాయలు ఖర్చులకు ఇస్తానని ఒక మామగారు పెళ్లికి ముందు ఆమె తండ్రికి రాసి ఇచ్చాడు. అప్పటికి ఆ పిల్ల మైనరు. ముస్లిం కుటుంబాల్లో దాన్ని ఖర్చ్-ఇ-పాన్‌దాన్ అంటారు. ఇంగ్లండు నియమాన్ని ఇక్కడ గుడ్డిగా అమలు చేస్తే, పిల్లల పెళ్లిళ్లు తల్లిదండ్రులే కుదిర్చే ఈ దేశంలో పెద్ద అన్యాయం జరుగుతుందని ప్రీవీ కౌన్సిల్ చెప్పి, కోడలి హక్కును నిలబెట్టింది.

భార్యాభర్తల మధ్య మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం గుమ్మం మూసుకుంది. 1919లో బాల్ఫోర్ కేసు. భర్త సింహళంలో నీటిపారుదల ఇంజనీరు. జబ్బుపడి ఇంగ్లండులో ఉండిపోయిన భార్యకు నెలకు 30 పౌండ్లు పంపుతానన్నాడు. సంసారం చెడింది. ఆమె డబ్బు అడిగితే, ఆలుమగల మధ్య ఇలాంటి మాటలకు కోర్టు దాకా వెళ్లాలనే ఉద్దేశం ఉండదు, ఇంట్లో మాటను ఇంట్లోనే ఉంచాలి అన్నాడు జడ్జి అట్కిన్. ఆ తీర్పును మన న్యాయశాస్త్ర తరగతుల్లో ఇప్పటికీ చెబుతారు. ఇంట్లోనే ఉంచాలి అనగలిగేది ఇంట్లో తనకంటూ ఒక గది ఉన్నవాళ్లు. వంటింట్లో పడుకునే మనిషికి ఆ సలహా ఎందుకు పనికొస్తుంది?

మన కాంట్రాక్టు చట్టంలో 25వ సెక్షను ఒక దారి తెరిచింది. దగ్గరి బంధువుల మధ్య సహజమైన ప్రేమాభిమానాలతో ఇచ్చిన మాట, రాతపూర్వకంగా ఉండి రిజిస్టరు అయితే, ప్రతిఫలం లేకపోయినా చెల్లుతుంది. మంచి సెక్షనే. కానీ 1900లో కలకత్తా హైకోర్టు దాన్ని ఎలా చదివిందో చూడండి. ఒక భర్త భార్యకు విడిగా బతకడానికి నెలనెలా డబ్బు ఇస్తానని రిజిస్టరు దస్తావేజు రాశాడు. అందులో తమ మధ్య జరిగిన గొడవలన్నీ రాసుకొచ్చాడు. గొడవలు ఉన్నాయంటే ప్రేమ లేనట్టే, ప్రేమ లేదు కాబట్టి ఒప్పందం చెల్లదు అంది కోర్టు. మాట అవసరమయ్యేదే గొడవలు వచ్చినప్పుడు. గొడవలు వచ్చాయన్న కారణంతోనే మాటను కొట్టేస్తే ఆ ఇల్లాలు ఎక్కడికి పోవాలి?

నందిగామ, జగ్గయ్యపేట వైపు ఇలాంటి మాటల్లో ఎక్కువ వినపడేది ‘పసుపు కుంకుమ’. కూతురి పెళ్లిలో ఎకరమో రెండెకరాలో పసుపు కుంకుమ కింద ఇచ్చాం అంటారు. పెద్దమనుషుల ముందు మాట అనుకుంటారు, పిల్ల అత్తవారింటికి వెళ్తుంది. పొలం మాత్రం తండ్రి పేరు మీదే ఉంటుంది, కౌలు వస్తే ఏటా పుట్టింటివాళ్లు పంపిస్తారు. అన్నదమ్ములకు మంచితనం ఉన్నంతకాలం ఇది నడుస్తుంది. మెట్ట భూమికి విలువ లేని రోజుల్లో మంచితనానికి పెద్ద పరీక్షలు రాలేదు. 1967 తర్వాత నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు ఈ తాలూకాల్లోకి వచ్చాయి. ఆ ప్రాజెక్టు కోసం పట్టుబట్టి తిరిగిన ముక్త్యాల రాజా కూడా వాసిరెడ్డి ఇంటివాడే. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. 2014 తర్వాత అమరావతి రాజధాని అనగానే కృష్ణకు ఇవతలి ఒడ్డున కూడా ధరలు లేచాయి. భూమి ధర లేచిన ప్రతిసారీ నోటిమాటల మీద బరువు పడింది.

చట్టం ఈ విషయంలో కఠినంగా ఉంది. ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షను ప్రకారం స్థిరాస్తిని దానంగా ఇవ్వాలంటే రిజిస్టరు దస్తావేజు ఉండాలి, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ముస్లింలు చేసే దానానికి, అంటే హిబాకు, మినహాయింపు ఉంది గాని పసుపు కుంకుమ పేరుకు ప్రత్యేక మినహాయింపు చట్టంలో రాసి లేదు. నిజానికి ఉమ్మడి ఆస్తిలోంచి కూతురికి సముచితమైన కొద్ది భాగం ఇచ్చే అధికారం తండ్రికి ఉందని 1964లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అంటే ఇవ్వడం తప్పు కాదు, కాగితం లేకుండా ఇవ్వడం దగ్గరే చిక్కు. అప్పుడు ఆ ఆడపడుచుకు మిగిలేది ఒకటే దారి: పొలం తన హక్కుగా, అందరికీ తెలిసేలా, పన్నెండేళ్లకు పైగా అనుభవంలో ఉందని రుజువు చేయడం. పుట్టింటివాళ్లే కౌలుకు ఇచ్చి డబ్బు పంపిస్తుంటే ఆ రుజువు ఎక్కడ దొరుకుతుంది? అడంగల్‌లో ఆమె పేరు ఉండదు, శిస్తు రసీదు అన్న పేరు మీద ఉంటుంది. కొడుకులకు పంచినప్పుడు పారీకత్తు రాసుకుని, కొలతలు వేయించి, హద్దురాళ్లు పాతిన ఇంట్లోనే కూతురికి ఇచ్చినదానికి కాగితం ముక్క ఉండదు.

భర్త పోయిన ఆడమనిషి పరిస్థితి ఇంకా కష్టం. 1937లో హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టం వచ్చింది గాని అది వ్యవసాయ భూమికి వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చింది. ఆస్తి అంటే పొలమే అయిన నందిగామ తాలూకాలో ఇక ఆ చట్టం వల్ల ఒరిగిందేముంది? మద్రాసు ప్రభుత్వం 1947లో 26వ చట్టం చేసి దాన్ని పొలాలకు కూడా వర్తింపజేశాక గాని వితంతువుకు ఆ మేరకు హక్కు రాలేదు. అదీ జీవితకాలం అనుభవించడానికే. తప్పనిసరి అవసరానికి తప్ప అమ్ముకునే హక్కు లేదు, ఆమె పోయాక మళ్లీ భర్త వారసులకే.

ఈ కథలో నాకు అందరికంటే పెద్ద మనిషిగా కనిపించేది నెల్లూరు జిల్లా తులశమ్మ. వడ్డెబోయిన వెంకటసుబ్బారెడ్డి భార్య. ఆయన 1931లో, సవతి సోదరుడు శేషారెడ్డితో ఉమ్మడిగా ఉండగానే చనిపోయాడు. పదమూడేళ్లకు, 1944 అక్టోబరులో, తులశమ్మ నెల్లూరు జిల్లా మునసబు కోర్టులో మనోవర్తి కోసం అర్జీ పెట్టుకుంది. కోర్టు ఫీజు కట్టుకోలేని పేదరాలిగా పెట్టుకున్న అర్జీ అది. ఉమ్మడి కుటుంబపు కోడలికి ఆ స్థితి రావడమే ఆ కుటుంబం ఆమెకు ఏమిచ్చిందో చెబుతుంది.

ఆమెకు అనుకూలంగా ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చింది. కోర్టు బయట రాజీ అయిందని శేషారెడ్డి చెప్పాడు. ఆమె కాదంది. కోర్టు కూడా దాన్ని ఒప్పుకోలేదు. చివరికి డిక్రీ అమలు దశలో కుదిరిన మరో రాజీని 1949లో కోర్టు నమోదు చేసింది. దాని ప్రకారం కొన్ని భూములు తులశమ్మకు ఇస్తారు, బతికినంతకాలం అనుభవించాలి, అమ్మకూడదు, ఆమె తర్వాత అవి శేషారెడ్డికి. ఈలోగా 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. 14వ సెక్షను మొదటి భాగం, హిందూ స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమె పూర్తి యజమానురాలు అంది. రెండో భాగం మాత్రం దానపత్రం, వీలునామా, డిక్రీ వంటి వాటిలో పరిమిత హక్కే ఇస్తే అది పరిమితంగానే ఉంటుందంది. 1960లో తులశమ్మ కొంత భూమి కౌలుకిచ్చింది, 1961లో కొంత అమ్మింది. శేషారెడ్డి వెంటనే దావా వేశాడు.

మునసబు కోర్టులో ఓడింది. జిల్లా కోర్టులో గెలిచింది. హైకోర్టులో మళ్లీ ఓడింది. రాజీ కాగితంలో జీవితకాలమే అని రాసి ఉంది కదా, ఇది రెండో భాగం కిందికే వస్తుంది అంది హైకోర్టు. 1977 మార్చి 17న సుప్రీంకోర్టులో జస్టిస్ భగవతి, జస్టిస్ గుప్తా, జస్టిస్ ఫజల్ అలీల ధర్మాసనం ఆ తీర్పును తిరగేసింది. మనోవర్తి హక్కు ఆ రాజీ వల్ల తులశమ్మకు కొత్తగా రాలేదు, ఆ ఇంటి కోడలు అయిన నాటి నుంచీ ఆమెకు ఉంది. రాజీ ఆ పాత హక్కును గుర్తించింది, అంతే. కాబట్టి కాగితంలో ఎన్ని ఆంక్షలు రాసినా 1956తో అవి తుడిచిపెట్టుకుపోయాయి, భూమి ఆమెదే. ఆ సెక్షను రాసిన తీరు కక్షిదారులను అయోమయంలో పడేసి వకీళ్లకు స్వర్గం చూపించిందని భగవతి బాధపడ్డాడు. భర్త పోయి నలభై ఆరేళ్లు అయ్యాక తులశమ్మకు దక్కిన మాట అది.

నాకు ఆ తీర్పులో అన్నిటికన్నా విలువైనది పాత హక్కు అన్న ఆలోచన. అంతకుముందు వరకు ఇంటి ఆడమనిషికి ఇచ్చేదంతా దయగా చూసేవారు. దయ చూపినవాడికి షరతులు పెట్టే హక్కు కూడా ఉంటుంది. తులశమ్మ కేసు అది దయ కాదు, బాకీ అంది. ఆ సూత్రం ఎంతవరకు వెళ్తుంది, భర్త వీలునామాలో ‘నీ జీవితకాలం’ అని రాస్తే సంగతేమిటి అన్న దానిపై తర్వాత వచ్చిన తీర్పులు పొంతన లేకుండా ఉన్నాయి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ ప్రశ్నను తేల్చమని పెద్ద ధర్మాసనానికి పంపింది.

భార్యాభర్తల మధ్య ఆస్తి సంగతి దీనికి భిన్నం. గోవాలో పోర్చుగీసు కాలపు సివిల్ కోడ్ వల్ల ఆలుమగల ఆస్తి ఉమ్మడి. మన దగ్గర అలా లేదు. పెళ్లయ్యాక మిరప చేలో ఇద్దరూ కలిసి కాయ కోసినా, పాసుపుస్తకం ఎవరి పేరు మీద ఉంటే పొలం వాళ్లది. భార్య స్త్రీధనం మాత్రం ఆమెదే. భర్త దగ్గర ఉన్నా అది ఆమె నమ్మి దాచుకున్న సొమ్ము, తిరిగివ్వకపోతే నమ్మకద్రోహ నేరం అని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మెజారిటీ తీర్పు రాసింది తులశమ్మ తీర్పులో ఉన్న ఫజల్ అలీయే. వరకట్న నిషేధ చట్టం ఆరో సెక్షను గురించి కూడా చెప్పాలి. కట్నం ఎవరు తీసుకున్నా మూడు నెలల్లో ఆ అమ్మాయికి అప్పజెప్పాలని అందులో ఉంది. కట్నాల గురించి ఇంత మాట్లాడే మన ఊళ్లలో ఈ సెక్షను పేరు ఎత్తేవాళ్లు కనపడరు. 2023లో మద్రాసు హైకోర్టు కన్నయ్యన్ నాయుడు కేసులో ఇంకో అడుగు వేసింది. సౌదీలో ఏళ్ల తరబడి పనిచేసి భర్త పంపిన డబ్బుతో భార్య ఆస్తి కొన్నది. ఆమె ఇల్లు చూసుకోబట్టే అతను సంపాదించగలిగాడు కనుక ఆమెకు సగం చెందుతుందని ఆ తీర్పు. గల్ఫుకు మనుషులను పంపిన తెలుగు జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో ఈ కథ ఉందో వేరే చెప్పాలా?

కన్నవాళ్లు పిల్లలకు ఇచ్చేదీ, పిల్లలు కన్నవాళ్లకు ఇచ్చే మాటా ఇప్పుడు కోర్టులకు కొత్త పని. చూసుకుంటామన్న నమ్మకం మీద ఇల్లూ పొలం సెటిల్‌మెంట్ రాసి, తర్వాత గుమ్మంలో కూర్చునే ముసలివాళ్ల కోసం 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షను పెట్టారు. పోషించాలన్న షరతుతో రాసి ఇచ్చి, అది జరగకపోతే ఆ దస్తావేజు రద్దు చేయించుకోవచ్చు. షరతు ఉన్నట్టు తేలాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో మరో కేసులో, ఆ చట్టాన్ని ముసలివాళ్లకు మేలు జరిగేలా చదవాలంటూ ఒక తల్లి రాసిన దానపత్రాన్ని రద్దు చేసింది. నందిగామ 2022లో రెవెన్యూ డివిజన్ అయింది కాబట్టి ఈ వైపు ముసలివాళ్లు ఆ అర్జీ పట్టుకుని విజయవాడ దాకా పోనక్కరలేదు. ట్రిబ్యునల్‌కు అధిపతి ఆర్డీవో. సెటిల్‌మెంట్ రాసే రోజున ‘మమ్మల్ని పోషించే షరతు మీద’ అన్న ఒక్క వాక్యం దస్తావేజు లేఖరితో రాయించుకుంటే చాలు. కొడుకు ఏమనుకుంటాడో అని ఆ వాక్యం వదిలేసేవాళ్లే ఎక్కువ.

కూతుళ్ల హక్కు విషయంలో దేశానికి దారి చూపింది మన రాష్ట్రమే. ఇప్పుడు జగ్గయ్యపేట, నందిగామ ఎవరి పేరుతో ఉన్న జిల్లాలో ఉన్నాయో ఆ ఎన్టీఆర్ ప్రభుత్వమే 1986లో 13వ చట్టం తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురిని కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తికి వారసురాలిని చేసింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఆ దారి పట్టాయి. మన చట్టంలో ఒక లోటు మాత్రం ఉండేది: 1985లోని ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు హక్కు లేదు. అప్పటికే కాపురాలు చేస్తున్న ఆడపడుచులకు ఆ చట్టం ఏమీ ఇవ్వలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఎప్పుడు పెళ్లయినా కూతురు కూతురే. ఒంగోలు కోర్టు నుంచి వెళ్లిన గండూరి కోటేశ్వరమ్మ కేసులో, 1999లోనే ప్రిలిమినరీ డిక్రీ అయిపోయినా ఫైనల్ డిక్రీ కాలేదు కాబట్టి కూతుళ్లకు వాటా ఇవ్వాల్సిందేనని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నాడా లేడా అన్న పేచీని 2020 ఆగస్టులో వినీతా శర్మ తీర్పు తీర్చింది. ఆమె హక్కు పుట్టుకతో వచ్చింది, తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదు.

2005 సవరణలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది వేరే ఉంది. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలు చెల్లుతాయి, కానీ రిజిస్టరు పారీకత్తో కోర్టు డిక్రీయో ఉండాలి. మేం అన్నదమ్ములం ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం, ఇక అక్కకు ఇవ్వడానికేముంది అంటే కుదరదు. వినీతా శర్మ తీర్పు కూడా నోటి పంపకాన్ని, ప్రభుత్వ రికార్డుల బలం ఉంటే తప్ప, నమ్మవద్దంది. పసుపు కుంకుమ కింద ఇచ్చామన్న మాటకు కాగితమేదని ఆడపడుచును తరాలుగా అడిగిన చట్టం, ఆ ప్రశ్నను అన్నదమ్ములను కూడా అడిగింది ఇక్కడే.

దానికి విరుగుడు కూడా ఊళ్లు కనిపెట్టాయి. తండ్రి పోయిన ఏడాదిలోపు అక్కచెల్లెళ్లను పిలిచి, చీర పెట్టి, భోజనం పెట్టి, రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లి ‘హక్కు విడుదల’ దస్తావేజు మీద సంతకం పెట్టిస్తారు. చాలామంది ఏం రాసి ఉందో చదవకుండానే పెడతారు. చదివి కూడా పెట్టేవాళ్లున్నారు. రేపు ఏదైనా జరిగితే పుట్టింటి గడప తొక్కే దారి ఉండాలి కదా అని. వాటా ఎన్ని ఎకరాలో, దాని విలువ ఎంతో ఆ దస్తావేజు రాసేముందు ఆ అమ్మాయికి చెప్పే ఆచారం లేదు. చెప్పకుండా, మోసంతోనో ఒత్తిడితోనో తీసుకున్న సంతకాన్ని రద్దు చేయమని దావా వేయవచ్చు. మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్ల గడువు. నందిగామలోనూ జగ్గయ్యపేటలోనూ సివిల్ కోర్టులున్నాయి. ఆ మూడేళ్ల లెక్క మొదలయ్యేది ఆ దస్తావేజులో ఏముందో ఆమెకు తెలిసిన రోజున. చాలామందికి అది తెలిసేది మేనల్లుడు ఆ పొలం అమ్మకానికి పెట్టినప్పుడు.